నాలుగు గొట్టాలూ, ఒక క్లచ్ కడ్డీ

కారు ఇంజన్ అనగానే అందరికీ లోపలికి వెళ్ళే పెట్రోలే గుర్తొస్తుంది. బయటికి పోయే పొగని ఎవరూ పట్టించుకోరు. అమెరికాలో మాత్రం ఆ పొగ దారి మార్చడానికి ఒక తరం కుర్రాళ్ళు వారాంతాలన్నీ కారు కిందే గడిపేశారు. వాళ్ళు బిగించిన వాటి పేరు హెడర్లు. మన బండిని మనం విప్పి మార్చుకోవచ్చా అన్న ప్రశ్న దగ్గరికి చివరికి ఆ కథ వచ్చి ఆగింది.

ముందు అసలు సంగతేంటో చూద్దాం. సిలిండర్లలోంచి వచ్చే పొగని ఒకచోట చేర్చి సైలెన్సర్ వైపు పంపేది ఎగ్జాస్ట్ మానిఫోల్డ్. అప్పట్లో కంపెనీలు దాన్ని పోత ఇనుముతో పొట్టిగా, లావుగా చేసేవి. చవక, చప్పుడు తక్కువ, ఏళ్ళ తరబడి మన్నుతుంది. సాఫ్ట్‌వేర్లో డిఫాల్ట్ సెట్టింగుల్లాంటిదన్నమాట: ఎవరికీ గొప్పగా నప్పదు, ఎవరినీ ఇబ్బంది పెట్టదు. కానీ పొగ ఏకధారగా రాదు, దెబ్బలు దెబ్బలుగా వస్తుంది. 6000 ఆర్పీఎం దగ్గర ఒక్కో సిలిండర్ సెకనుకి 50 సార్లు పొగ కక్కుతుంది. పొట్టి మానిఫోల్డులో ఒకదాని పొగ పక్కదాని మొహాన కొడుతుంది. హెడర్లో అయితే ఒక్కో సిలిండర్‌కి విడిగా పొడవాటి ఉక్కు గొట్టం. అన్నీ కింద ఒకచోట కలుస్తాయి. ముందు వెళ్ళిన పొగ తన వెనక వదిలిన తక్కువ పీడనం, తర్వాతి సిలిండర్లో మిగిలిన పొగని లాగేస్తుంది. ఈ లాగుడు ఏ వేగం దగ్గర బాగా పనిచేస్తుందన్నది గొట్టాల పొడవుని బట్టి ఉంటుంది.

1932లో ఫోర్డ్ 65 హార్స్ పవర్ వి-8 తెచ్చింది. సామాన్యుడికి అందే ధరలో ఎనిమిది సిలిండర్లు! కాకపోతే పొగ ఇంజన్ దిమ్మలోని నీళ్ళ గదుల మధ్యనించి బయటికి రావాలి. పైగా ఒక్కో వైపు నాలుగు సిలిండర్లకి మూడే కన్నాలు, మధ్య రెండింటికీ కలిపి ఒకటి. ఇంజన్ వేడెక్కక ఏం చేస్తుంది? అయినా దక్షిణ కాలిఫోర్నియాలో ఎండిపోయిన సరస్సుల మీద పరుగులు తీసింది ఎక్కువగా ఈ ఇంజన్లే. 1955లో షెవర్లే చిన్న వి-8 వచ్చాక ఒక్కో వైపు నాలుగు కన్నాలు దొరికాయి. హెడర్లకి అసలైన రోజులు అప్పుడొచ్చాయి. ఆ ఇంజన్లో ఎడమ వరుసలో పక్కపక్కనే ఉన్న 5, 7 సిలిండర్లు ఒకదాని వెంట ఒకటి పేలతాయి. విడి గొట్టాలు ఎందుకు కావాలో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఉండదు.

గేరు కర్ర ఉన్న కారుకే వీటి వల్ల ఎక్కువ లాభం. హెడర్లు బలాన్ని పెంచేది ముఖ్యంగా ఎక్కువ ఆర్పీఎం దగ్గర. ఇంజన్‌ని అక్కడే నిలబెట్టాలంటే గేర్లు దగ్గరదగ్గరగా ఉండాలి, ఎప్పుడు మార్చాలో నడిపేవాడి చేతిలో ఉండాలి. షెవర్లే 1950లో తెచ్చిన పవర్‌గ్లైడ్ ఆటోమేటిక్‌కి ఉన్నవి రెండే గేర్లు. 1957లో కార్వెట్‌కి నాలుగు గేర్ల మాన్యువల్ వచ్చింది. ఇంకేం, కుర్రాళ్ళకి పండగే.

తమాషా ఏంటంటే బిగించడం దగ్గర తిప్పలు కూడా మాన్యువల్ కార్లకే ఎక్కువ. ఆ రోజుల్లో చాలా కార్లలో క్లచ్ పెడల్‌ని క్లచ్‌కి కలిపేవి ఇనప కడ్డీలు. వాటి మధ్య ఇంజన్‌కీ ఛాసిస్‌కీ అడ్డంగా జెడ్-బార్ అని ఒక ఇరుసు. అది ఉండేది ఎడమ వైపు, సరిగ్గా గొట్టాలు దిగాల్సిన చోట! అందుకే హెడర్ల కేటలాగుల్లో ఇది మాన్యువల్‌కి పడుతుంది, ఇది పడదు అని విడిగా రాసేవారు. పడనివాళ్ళు సుత్తి తీసుకుని గొట్టానికి సొట్ట పెట్టేవారు. తర్వాత హైడ్రాలిక్ క్లచ్‌లు వచ్చి ఆ బాధ తీరింది.

పెద్ద అడ్డంకి వేరే వైపు నుంచి వచ్చింది. 1970 క్లీన్ ఎయిర్ చట్టం దెబ్బకి 1975 మోడల్ కార్ల నుంచి కేటలిటిక్ కన్వర్టర్లు వచ్చాయి. దాంతో మానిఫోల్డ్ అనేది పొగని శుభ్రం చేసే ఏర్పాటులో ఒక భాగమైపోయింది. దాన్ని పీకితే నష్టం కారు ఓనరు ఒక్కడిదే కాదు, వెనక నడిచేవాడి ఊపిరితిత్తులది కూడా.

ఇక్కడ కాలిఫోర్నియా చేసిన పని నాకు నచ్చుతుంది. హెడర్లని మొత్తంగా నిషేధించలేదు. "మీ సరుకు వల్ల కాలుష్యం పెరగదని పరీక్షల్లో చూపించండి, ఒక నంబరిస్తాం" అంది. ఆ నంబరున్న హెడర్‌ని, అది ఏ కార్లకి అనుమతి పొందిందో వాటికి దర్జాగా బిగించుకోవచ్చు.

మన దగ్గర నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకి కన్వర్టర్ 1995లో తప్పనిసరైంది. 2019 జనవరిలో సుప్రీం కోర్టు, తయారీదారు ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్లకి విరుద్ధంగా బండిని మార్చకూడదని తేల్చింది. అర్ధరాత్రి సైలెన్సర్ పీకేసి వీధంతా లేపేవాళ్ళని చూస్తే ఆ తీర్పు సబబే అనిపిస్తుంది. కానీ సి.ఎన్.జి. కిట్లని పరీక్షించి అనుమతి ఇచ్చే పద్ధతి మనకీ ఉంది కదా! అదే తూకం హెడర్లకి ఎందుకు వేయకూడదు? పొగ కొలవండి, చప్పుడు కొలవండి, తప్పితే పక్కన పెట్టండి.

ఈలోగా కాలం కూడా ఆగలేదు. 1999 హోండా ఇన్‌సైట్‌లోనే మానిఫోల్డ్ సిలిండర్ హెడ్‌లో కలిసిపోయింది. 2012లో వచ్చిన ఫోర్డ్ ఒక లీటరు ఎకోబూస్ట్‌లోనూ అంతే. విప్పడానికి అక్కడ ఏమీ లేదు. చట్టం ఒప్పుకునేనాటికి బోల్టులు మిగులుతాయా అన్నదే నా అనుమానం.