వెనక సీట్లోంచి రెండు సినిమాలు

షేర్ హోరోవిట్జ్ పక్కన, వెనక సీట్లో సర్దుకుని కూర్చోండి. కారు నడుపుతున్నది ఆమె స్నేహితురాలు డియోన్. ఇంకా నేర్చుకుంటోంది. ముందు సీట్లో ఆమె ప్రియుడు మర్రే గురువుగారి హోదాలో ఉన్నాడు. బయట లాస్ ఏంజెలెస్ ఎండ. మాటల్లో పడి చూసుకోలేదు, కారు ఎక్కకూడని ఫ్రీవే ఎక్కేసింది. ఇక కారులో కేకలే కేకలు. పక్కనే పెద్ద లారీ. మర్రే అరుస్తున్నాడు, డియోన్ ఏడుస్తోంది, షేర్ సీటు పట్టుకుని వేలాడుతోంది. ఎలాగో దిగి కారు ఆపారు. ముందు సీట్లో ఇద్దరూ ఒకర్నొకరు వాటేసుకుని వదలడం లేదు.

ఇప్పుడు వాళ్ళని కాదు, మీ పక్కనున్న షేర్‌ని చూడండి. ఊళ్ళో అందరికీ జోడీలు కుదిర్చే పిల్లకి తనకంటూ ఎవరూ లేరని అప్పుడు తెలిసొస్తుంది.

1995 నాటి 'క్లూలెస్'లో నాకు నచ్చిన చోటు ఇదే. పసుపు గళ్ళ కోటూ, రోజూ బట్టలు ఎంచిపెట్టే కంప్యూటరూ జనానికి గుర్తుండిపోయాయి గానీ, అవి తళుకులు మాత్రమే. దర్శకురాలు ఎమీ హెకర్లింగ్ 1815 నాటి జేన్ ఆస్టెన్ నవల 'ఎమ్మా'ని తెచ్చి బెవర్లీ హిల్స్ హైస్కూల్లో చేర్చింది. (ఆస్టెన్ మనకి కొత్త కాదు. 'ప్రియురాలు పిలిచింది' సినిమా ఆవిడదే ఇంకో నవల నుంచి వచ్చింది.) షేర్ ఒట్టి పెళ్ళిళ్ళ పేరయ్య. మార్కులు పిసినారిగా వేసే మాస్టారికి ఒక టీచరమ్మతో ప్రేమ కుదిర్చి మరీ మార్కులు పెంచించుకుంటుంది. అలిసియా సిల్వర్‌స్టోన్ ఆ తెలివిని అమాయకత్వంలా చూపించింది, అది తేలికైన పని కాదు. తండ్రి మాజీ భార్య కొడుకు జాష్ మీదే చివరికి ప్రేమ పుట్టడం మాత్రం నాకు మింగుడు పడలేదు. పాల్ రడ్ నవ్వు ఆ లోటుని కప్పేసింది, అంతే.

సరే, దిగి ఇంకో కారెక్కండి. అదే ఊరు, రాత్రి. కొండ మీద మెలికలు తిరిగే ఆ రోడ్డు పేరే సినిమాకి పెట్టారు: 'మల్‌హాలండ్ డ్రైవ్'. 2001, డేవిడ్ లించ్. ఈసారి మీ పక్కన నల్ల గౌనులో ఒకావిడ. కారు హఠాత్తుగా ఆగింది. మనం ఆగేది ఇక్కడ కాదు కదా, అంటోందావిడ. ముందు సీట్లోని మనిషి తుపాకీతో వెనక్కి తిరిగాడు. అంతలో మలుపు అవతల నుంచి పందెం వేసుకుంటూ రెండు కార్లు, వాటి నిండా కుర్రకారు, ఒళ్ళు మరిచిన కేకలు. గుద్దేశారు. ఆ కేకలు డియోన్ కారులోని కేకలకి చుట్టాలే! పడుచు హాస్యం ఎదురొచ్చి గుద్దితే ఈ మిస్టరీ పుట్టింది. ప్రాణాలతో బయటపడ్డ ఆవిడ తన పేరే మరిచిపోయి కొండ దిగుతుంది.

ఇక ఆడిషన్ గదికి రండి. గోడవారగా నిలబడండి. నటి కావాలని కెనడా నుంచి వచ్చిన బెట్టీ ఇదే సన్నివేశాన్ని ఇంట్లో నవ్వుకుంటూ చదివింది, చెత్త డైలాగులని తీసిపారేసింది. ఇక్కడ పెద్ద వయసు నటుడొకడు మీదమీదకి వచ్చాడు. ఆమె వెనక్కి తగ్గలేదు. గొంతు తగ్గించింది. అవే చెత్త డైలాగులు. గదిలో ఎవరూ కదలడం లేదు, మీరు కూడా. నయోమీ వాట్స్ అంటే ఏమిటో లోకానికి తెలిసిన ఘడియ అది. తర్వాత సిలెన్సియో క్లబ్బులో రెబెకా డెల్ రియో పాడుతూ పాడుతూ కూలిపోతే పాట మాత్రం సాగుతూనే ఉంటుంది. అందరూ దాన్నే పొగుడుతారు. నా ఓటు ఆడిషన్‌కే. అబద్ధమని తెలిసీ ఒళ్ళు జలదరించడం రెండుచోట్లా ఉంది, కానీ క్లబ్బులోలా ఆడిషన్ గదిలో దాన్ని మనకి వివరించేవాళ్ళు లేరు.

ఈ సినిమాలో అన్నిటికీ అర్థం ఉందనేవాళ్ళతో నాకు పేచీ. ఇది మొదట ఏబీసీ టీవీ సీరియల్‌కి తీసిన తొలి భాగం. ఛానెల్ వద్దంది. ఫ్రెంచి డబ్బుతో మిగతాది తీసి సినిమా చేశారు. రాబర్ట్ ఫోర్‌స్టర్ డిటెక్టివ్‌గా ఒక్కసారి కనిపించి మాయమవడం గూఢార్థం కాదు, రాని ఎపిసోడ్ల మిగులు.

రెండు సినిమాల్లోనూ ఒక ముఖం చూడండి: డాన్ హెడాయా. 'క్లూలెస్'లో షేర్ తండ్రి. గంటకి 500 డాలర్లు తీసుకుని జనంతో గొడవపడే లాయరు, కూతురితో మాత్రం ఉచితంగా గొడవపడతాడు. లించ్ సినిమాలో అతనే మాఫియా అన్నదమ్ముల్లో ఒకడు. ఆ అన్నదమ్ములు ఒక అమ్మాయి ఫోటో బల్ల మీద పెట్టి, వేషం ఈమెకే అంటారు. ఇష్టం లేకపోయినా దర్శకుడు చివరికి తల వంచుతాడు. షేర్‌కి ఆ గద్దించే మనిషి నాన్న. బెట్టీ తరఫున ఆ గదిలో ఎవరూ లేరు. ఒకే ఊరు ఒక పిల్లకి ఆటస్థలం, ఇంకో పిల్లకి ఉచ్చు ఎందుకయిందో నాకు ఆ ముఖమే చెప్పింది.

2016లో బీబీసీ అడిగితే ప్రపంచ విమర్శకులు 'మల్‌హాలండ్ డ్రైవ్'ని ఈ శతాబ్దపు మేటి సినిమాగా ఎన్నుకున్నారు. కాదనను. కానీ పొల్లు తక్కువ ఉన్నది 'క్లూలెస్'లోనే. రెండూ చూసే ఓపిక ఉంటే 'క్లూలెస్' ముందు పెట్టుకోండి.