ఒకటవ తరగతికి ఎన్నేళ్లు నిండాలి? – సరిహద్దు గ్రామాల తల్లిదండ్రులకు

కుప్పం పరిసరాలలో మూడు రాష్ట్రాలు కలుస్తాయి. ఒక దిక్కున కర్ణాటకలోని కోలారు జిల్లా, మరొక దిక్కున తమిళనాడులోని కృష్ణగిరి జిల్లా. పెళ్లి సంబంధాలకు, సంతలకు, కూలి పనులకు ఈ ఎల్లలు ఎన్నడూ అడ్డు కాలేదు. బిడ్డను బడిలో వేసే రోజులలో మాత్రం అడ్డు వస్తాయి. ఆవలి బడి చేర్చుకునే బిడ్డను ఈవలి బడి 'వయసు చాలదు' అని తిప్పి పంపుతుంది. ఇది ఉపాధ్యాయుని మొండితనం కాదు, నియమాలలోని భేదం.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్నది. అది ఆరు నుండి పద్నాలుగేళ్ల పిల్లలకు వర్తిస్తుంది. అయినా పలు రాష్ట్రాలలో ఐదేళ్లకే ఒకటవ తరగతిలో చేర్చుకునే ఆచారం కొనసాగింది. 2020 నాటి జాతీయ విద్యావిధానం మూడేళ్ల నుండి ఆరేళ్ల వరకు పూర్వప్రాథమిక విద్యకు కేటాయించి, ఆరేళ్లు నిండిన పిమ్మటనే ఒకటవ తరగతి అన్నది. కేంద్రీయ విద్యాలయాలు 2022-23 నుండి ఆ పద్ధతికి మారాయి.

కర్ణాటక 2022లో ఉత్తర్వు ఇచ్చి, జూన్ 1 నాటికి ఆరేళ్లు నిండి ఉండాలన్నది. తల్లిదండ్రుల అభ్యంతరాల వల్ల అమలును 2025-26కు వాయిదా వేసింది. ఆ సంవత్సరం కూడా ఐదేళ్ల ఐదు నెలలకు సడలించి, ఆ సడలింపు ఆ ఒక్క ఏటికే అని ప్రకటించింది. తమిళనాడులో జూలై 31 నాటికి ఐదేళ్లు నిండితే చాలు. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఐదేళ్లదే వాడుక; ప్రైవేటు బడులలోని 25 శాతం ఉచిత సీట్లకు 2025-26లో రాష్ట్ర సిలబస్ బడులకు జూన్ 1ని లెక్కగా తీసుకున్నారు. మహారాష్ట్రలో ఆరేళ్లే, కాని లెక్కించే తేదీ డిసెంబరు 31. కనుక వయసుతో పాటు ఏ తేదీ నాటికి అన్నది కూడా అడిగి తెలుసుకోవాలి. ఆగస్టులో పుట్టిన బిడ్డకు ఆరవ ఏడు నడుస్తున్న జూన్ నాటికి ఐదేళ్ల తొమ్మిది నెలలు దాటుతాయి. అటువంటి బిడ్డ మహారాష్ట్రలో, తమిళనాడులో, ఆంధ్రలో ఒకటవ తరగతికి అర్హురాలు. కర్ణాటక నియమానికి మాత్రం రెండు మూడు నెలలు తక్కువ.

ఆరేళ్ల నియమమే పిల్లలకు మేలని ఇన్నేళ్ల పాఠాల అనుభవంతో నేను నమ్ముతాను. ఇంట తెలుగు, బడిలో కన్నడం లేదా తమిళం వినే మన పిల్లలకు ఆ అదనపు ఏడాది మరీ అవసరం. అయితే ఆ ఏడాది బిడ్డను ఎవరు చూస్తారు? కూలికి పోయే తల్లికి ఇదే అసలు ప్రశ్న.

మూడు నుండి ఆరేళ్ల పిల్లలకు అంగన్‌వాడీ ఉన్నది. ఒక్కొక్క కేంద్రానికి ఒక కార్యకర్త, ఒక ఆయా. పిల్లలకు ఆటపాటలు నేర్పేది, బరువు తూచేది, గర్భిణులకు ఆహారం ఇచ్చేది, ఆ లెక్కలన్నీ రాసేది ఆ కార్యకర్తే. పిల్లలు పెరిగిన చోట ఆమెకు చేతులు చాలవు. ప్రైవేటు ప్లే స్కూళ్ల విషయంలో జాతీయ బాలల హక్కుల సంఘం సూచనలు స్పష్టంగా ఉన్నాయి: మూడేళ్లు నిండని బిడ్డను చేర్చుకోరాదు, ఇరవై మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయురాలు, ఒక సంరక్షకురాలు ఉండాలి. ఫ్యాక్టరీలకు వెళ్లే తల్లులు మరొకటి తెలుసుకోవాలి. ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణతో వచ్చిన నియమం ప్రకారం యాభై మంది, అంతకు మించి పనిచేసే సంస్థ శిశుసంరక్షణ గది సౌకర్యం కల్పించాలి.

ఇక బడిలో ఒకటి నుండి ఐదు తరగతులకు అరవై మంది పిల్లల వరకు ఇద్దరు, తొంభై వరకు ముగ్గురు, నూట ఇరవై వరకు నలుగురు ఉపాధ్యాయులు ఉండాలని చట్టం. ఇరవై మందికి ఇద్దరు పెద్దలు ఉండవలసిన వయసు బిడ్డను ముప్పై మందికి ఒక్కరుండే గదిలో కూర్చోబెడితే ఏమవుతుందో మీరే ఊహించండి. మధ్యాహ్నానికి సగం మంది నిద్రపోతారు. లేపడానికి నాకు మనసు రాదు.

కొన్నేళ్ల క్రిందట ఒక తండ్రి వచ్చి, "మేష్ట్రూ, మూడు నెలలే కదా, మే నెలలో పుట్టినట్టు రాసుకోండి" అన్నాడు. నేను రాయలేదు. పదవ తరగతి మార్కుల పత్రంలో ఎక్కిన పుట్టిన తేదీని తరువాత దిద్దించుకోవడం ఎంత కష్టమో, ఉద్యోగాల వేళ ఆధార్‌కు దానికి పొసగక తిరిగేవారిని చూస్తే తెలుస్తుంది. పైగా 2023 అక్టోబరు 1న, ఆ తరువాత పుట్టిన వారికి బడిలో చేరడానికి పుట్టిన తేదీ, స్థలాలకు జనన ధ్రువపత్రమే రుజువు. అంతకు ముందు పుట్టినవారి విషయంలో, వయసు రుజువు లేదన్న కారణంతో ప్రవేశం నిరాకరించరాదని విద్యాహక్కు చట్టం చెబుతున్నది.

మన వైపు తొలి కాన్పు పుట్టింట జరగడం ఆనవాయితీ. జననం నమోదయ్యేది బిడ్డ పుట్టిన చోటనే, తండ్రి ఊరిలో కాదు. ముళబాగిలు కోడలు కుప్పంలో ప్రసవిస్తే పత్రం కుప్పంలోనే తీసుకోవాలి. ఇరవై ఒక్క రోజులలోపు నమోదు చేయించాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. పేరు పెట్టకముందే పత్రం తీసుకున్నా చింత లేదు. ఏడాదిలోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు.

చదువు నడుమ ఎల్ల దాటి వలస వెళ్లేవారికి ఒక హక్కు ఉన్నది. వేరే రాష్ట్రంలోని ప్రభుత్వ బడికి మారదలచిన బిడ్డకు ప్రధానోపాధ్యాయుడు వెంటనే టీసీ ఇవ్వాలి. అది రావడం ఆలస్యమైనదని కొత్త బడి చేర్చుకోకుండా ఉండరాదు. ఆవల ఐదేళ్లకే ఒకటవ తరగతి ముగించిన బిడ్డను ఈవలకు తెచ్చేవారు మాత్రం టీసీతో పాటు జనన ధ్రువపత్రం నకలు కూడా వెంట తెచ్చుకుని, జూన్ రాకముందే ప్రధానోపాధ్యాయుని కలిసి మాట్లాడుకోవాలి.