పొగగొట్టాలకు వాననీటి రక్షణ

పొయ్యి, స్టవ్, కొలిమి, బాయిలర్ మొదలైన వాటినుండి వెలువడే పొగను కప్పు మీదికి చేర్చే గొట్టంలోనికి గాని, ఆ గొట్టం కప్పును దాటి పైకి వెళ్ళే చోట గాని వాననీరు దిగకుండా చేసే ఏర్పాట్లను పొగగొట్టాల వాననీటి రక్షణ అంటారు. గొట్టం నోటిపై పెట్టే టోపీ ఇందులో అందరికీ కనిపించే భాగం. అయితే ఇల్లు కారడానికి చాలా సందర్భాలలో కారణం ఆ నోరు కాదు, కప్పుకూ గొట్టానికీ మధ్యనున్న సందు. సముద్రపు ఉప్పుగాలి, రెండు ఋతుపవనాల వానలు, తుఫానులు కలిసివచ్చే విశాఖపట్నం వంటి రేవు పట్టణాలలో ఈ విషయానికి ప్రాధాన్యత ఎక్కువ.

ఈ వ్యాసం ముఖ్యంగా కట్టెపొట్టు గుళికలతో మండే పెల్లెట్ స్టవ్‌ల పొగగొట్టాల గురించి, వాటిలో దించే లైనర్ అనే లోగొట్టం గురించి. ఇందులోని సూత్రాలు హోటళ్ళు, బేకరీలు, హాస్టళ్ళ వంటశాలల పొగగొట్టాలకు కూడా వర్తిస్తాయి.

పెల్లెట్, లైనర్

విశాఖపట్నంలో పెల్లెట్ అనగానే చాలామందికి గుర్తుకు వచ్చేది ఇనుప ఖనిజపు గుళిక. బైలదిల్లా గనుల ప్రాంతం నుండి ఖనిజపు పొడిని నీటితో కలిపి 267 కిలోమీటర్ల గొట్టపుమార్గం ద్వారా విశాఖకు తెచ్చి ఇక్కడ గుళికలుగా చేస్తారు. ఆ గుళిక ఉక్కు కొలిమికి ముడిసరుకు. ఈ వ్యాసంలోని పెల్లెట్ వేరు. రంపపుపొట్టు, వేరుశనగ తొక్కు వంటి వాటిని అధిక ఒత్తిడితో అచ్చుపోసిన ఇంధనపు గుళిక ఇది. సాధారణంగా 6 లేక 8 మిల్లీమీటర్ల మందం కలిగి ఉంటుంది. మంచి రకంలో తేమ నూటికి 10 వంతులకు మించదు. నీరు తగిలితే ఉబ్బి తిరిగి పొట్టుగా విడిపోతుంది.

పెల్లెట్ స్టవ్‌లు 1980ల తొలినాళ్ళలో అమెరికా వాయవ్య ప్రాంతంలో ప్రచారంలోకి వచ్చాయి. ఇవి చలిదేశాలలో గదిని వెచ్చచేయడానికి వాడేవి. విశాఖలో ఆ అవసరం లేదు. లంబసింగి, చింతపల్లి వంటి మన్యపు ఊళ్ళలో చలి గడ్డకట్టే స్థాయి దరిదాపులకు వెళ్ళినా అక్కడ చలిమంటలతోనే సరిపెట్టుకుంటారు. ఇక్కడ గుళికల వాడకం వంటశాలలకు, బాయిలర్లకు సంబంధించినది. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు మాత్రం ఇంటితోపాటే ఇటువంటి స్టవ్ సంక్రమించడం కద్దు.

పెల్లెట్ స్టవ్‌లో చిన్న ఫ్యాను పొగను బయటికి నెడుతుంది. ఆ పొగ కట్టెల పొయ్యి పొగ కంటె చల్లగా ఉంటుంది. దానిని పాత ఇటుక పొగగొట్టంలోకి నేరుగా వదిలితే వెడల్పు ఎక్కువై మరింత చల్లారి, గోడలకు తడి పడుతుంది. అందుచేత ఇటుక గొట్టంలోకి 3 లేక 4 అంగుళాల స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాన్ని పైనుండి క్రిందికి దించుతారు. ఇదే లైనర్.

తెలుగునాట పొగగొట్టం

పాత పెంకుటిళ్ళలో వంటింటి పొగ పెంకుల సందులనుండి, పొగగూటినుండి పోయేది. వాన కూడా ఆ దారినే లోపలికి వచ్చేది. పొయ్యి మీద చినుకు పడకుండా పొయ్యినే ఒక వారకు జరుపుకొనేవారు. పొయ్యికి గొట్టాన్ని జతచేసి వంటింటి పొగను తొలగించే ప్రయత్నాలలో హైదరాబాదుకు ప్రత్యేక స్థానం ఉంది. హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో ఎస్. పి. రాజు రూపొందించిన పొగరాని పొయ్యి ఆ సంస్థ ఆంగ్లనామపు పొడి అక్షరాలతో "హెర్ల్ చుల్హా" అని దేశమంతటా పేరు పొందింది. ఆయన 1953లో దానిపై పుస్తకం ప్రచురించాడు. 1980ల నడుమ కేంద్రప్రభుత్వం చేపట్టిన మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం 2002 వరకు సాగింది. పొగరాని పొయ్యిలకు ఎక్కువగా సిమెంటు-ఆస్‌బెస్టాస్ గొట్టాలు, పైన అదే పదార్థంతో చేసిన టోపీలు వాడేవారు. తాటాకు కప్పుకో పెంకుల కప్పుకో రంధ్రం చేసి గొట్టం పెట్టిన చోట తొలి వానకే ఇల్లు కారడం, ఇంటివారు విసిగి గొట్టం తీసివేసి రంధ్రం మూసుకోవడం ఇటువంటి పొయ్యిలకు తరచు ఎదురైన గతి. పొయ్యి ఎంత బాగున్నా, కప్పు దగ్గర పని సరిగా లేకపోతే అది ఇంట నిలవదు. 1999లో ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం, 2016లో ఉజ్వల పథకం వచ్చిన తరువాత గ్యాసు వాడకం పెరిగి ఇళ్ళలో పొగగొట్టాల అవసరం తగ్గింది.

నీరు వచ్చే దారులు

ఒక లెక్క చూస్తే విషయం స్పష్టమవుతుంది. 10 సెంటీమీటర్ల వ్యాసం గల గొట్టపు నోరు సుమారు 78 చదరపు సెంటీమీటర్లు. ఒకరోజున 100 మిల్లీమీటర్ల వాన కురిస్తే, టోపీ అసలు లేకపోయినా ఆ నోటినుండి దిగేది ముప్పావు లీటరు నీరు. అదే రోజున, ఏటవాలు కప్పు మీద గొట్టానికి ఎగువన 3 మీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు గల మేర పడిన వాన జారివచ్చి గొట్టపు మొదలును తాకితే అది 90 లీటర్లు అవుతుంది. అంటే నూరు రెట్లకు పైన. టోపీ గురించి పడే శ్రద్ధలో సగమైనా కప్పు దగ్గరి సందు మీద పెట్టాలన్నది ఇందువల్లనే.

రెండవ దారి గొట్టాల అతుకులు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. గొట్టం బయటి పక్క జారే వాన లోపలికి రాకుండా ఉండాలంటే పెంకుల మాదిరిగా పైగొట్టం క్రిందిగొట్టానికి వెలుపలగా కూర్చోవాలి. లోపలి గోడవెంట దిగే తడి బయటికి కారకుండా ఉండాలంటే పైగొట్టపు కొస క్రిందిగొట్టం లోపలికి దిగాలి. ఒకే గొట్టంతో ఈ రెండూ సాధ్యం కావు. రెండు గోడల గొట్టంలో లోగోడను ఒక విధంగా, వెలిగోడను మరొక విధంగా అతకవచ్చు కనుక కప్పు పైభాగంలో అదే మేలు. ఇటుక గొట్టం లోపల ఉండే లైనర్‌కు బయటి వాన తగలదు కాబట్టి అక్కడ పైకొస లోపలికి దిగేటట్లు అమర్చితే చాలు. పెల్లెట్ స్టవ్‌లో ఫ్యాను వలన గొట్టం లోపలి ఒత్తిడి బయటికంటె ఎక్కువగా ఉండవచ్చు. కావున ప్రతి అతుకునూ అధిక ఉష్ణోగ్రతకు తట్టుకొనే సిలికోన్‌తో మూయవలసి ఉంటుంది. అతుకునుండి నీరు వస్తున్నదంటే పొగ కూడా వస్తున్నట్లే.

మూడవది ఇటుక గొట్టపు తల. లైనర్‌కూ ఇటుకకూ మధ్యనున్న ఖాళీని పైన లోహపు పళ్ళెంతో మూస్తారు. ఈ పళ్ళెం చదునుగా ఉంటే నీరు నిలిచి, చివరికి ఏదో ఒక మూలనుండి దిగుతుంది. మధ్యలో కొద్దిగా ఎత్తుగా, అంచులు ఇటుకకు వెలుపలికి వచ్చి క్రిందికి మడిచినవిగా ఉండాలి. ఇటుక గోడ పగుళ్ళనుండి ఇంకే నీటిని ఏ పళ్ళెమూ ఆపలేదు. గోడకు పూత వేయవలసిందే.

వాన కాని తడి

గొట్టం అడుగున కనిపించే నీరంతా వాననీరు కాదు. కట్టెలో హైడ్రోజన్ ఉంటుంది. అది మండినప్పుడు నీటిఆవిరి అవుతుంది. గుళికలోని తేమతో కలిపి చూస్తే ఒక కిలో గుళికలు మండినప్పుడు సుమారు అర లీటరుకు పైగా నీరు ఆవిరి రూపంలో గొట్టం గుండా పోతుంది. గొట్టం పొడవై, చల్లగా ఉంటే అందులో కొంత తిరిగి నీరై దిగుతుంది. వాన లేని రోజున, స్టవ్ మండుతుండగా తడి కనిపిస్తే అది ఈ ఆవిరి. స్టవ్ ఆరిపోయి ఉండగా వానలో తడి వస్తే అది వాననీరు. ఈ తేడా గమనించక టోపీలు మార్చుకుంటూ పోవడం వృధా. ఆవిరికి మందు గొట్టం చుట్టూ వేడి నిలిపే పొర.

నష్టాలు

లోపలికి దిగిన నీరు మసితో, బూడిదతో కలిసినప్పుడే అసలు హాని మొదలవుతుంది. కట్టె బూడిదలో పొటాషియం లవణాలు ఉంటాయి. తడిసిన బూడిద ముద్దయి, ఎండి గట్టిపడి గొట్టపు వంపులను పూడుస్తుంది. బొగ్గు వాడే చోట గంధకం వలన ఆమ్లం ఏర్పడి లోహాన్ని తింటుంది. స్టవ్‌లోకి చేరిన నీరు ఫ్యాను మోటారును, నిప్పు రాజేసే విద్యుత్ కడ్డీని పాడుచేస్తుంది. గోడ మీది నల్లని చారలు చూడడానికి వికారమే గాని, ఈ నష్టాలలో అవే చిన్నవి.

నివారణ

కప్పును దాటే చోట ముందుగా ఫ్లాషింగ్ అనే వంచిన లోహపు రేకును అమర్చుతారు. ఏటవాలు కప్పు మీద దీని ఎగువ అంచు పైవరుస పెంకుల క్రిందికి, దిగువ అంచు క్రిందివరుస పెంకుల పైకి రావాలి. దిగువ అంచును కూడా పెంకుల క్రిందికి తోయడం మన దగ్గర తరచు జరిగే పొరపాటు. రేకుల కప్పు అయితే రంధ్రాన్ని మిట్ట మీద చేయాలి గాని పల్లంలో చేయరాదు. డాబా అయితే గొట్టం చుట్టూ కనీసం 15 సెంటీమీటర్ల ఎత్తున కాంక్రీటు గట్టు కట్టి, దానిపై రేకు తొడగడం మంచిది.

ఫ్లాషింగ్‌కు పైన గొట్టపు మెడకు గొడుగు వంటి పట్టీ బిగిస్తారు. దీనిని స్టార్మ్ కాలర్ అంటారు. గొట్టం వెంట జారే నీటిని ఇది ఫ్లాషింగ్ మీదికి మళ్ళిస్తుంది. పట్టీకీ గొట్టానికీ మధ్య సిలికోన్ పూస్తారు, ఫ్లాషింగ్‌కూ గొట్టానికీ మధ్య మాత్రం కదలికకు చోటు వదులుతారు. 3 మీటర్ల స్టెయిన్‌లెస్ గొట్టం 150 డిగ్రీలు వేడెక్కితే ఏడెనిమిది మిల్లీమీటర్లు సాగుతుంది. గొట్టం చుట్టూ సిమెంటు కూరి వదిలేస్తే అది వారం తిరగకుండా పగులుతుంది. మేస్త్రీలు ఎన్నిసార్లు పూసినా మళ్ళీ కారడానికి ఇదే కారణం.

టోపీ వెడల్పు గొట్టానికి రెట్టింపు వరకు ఉండాలి. నోటికీ టోపీకీ మధ్య పొగ సులువుగా పోయేటంత ఎడం ఉండాలి. పక్షుల కోసం జాలీ పెడితే దాని కన్నులు పెద్దవిగా ఉండాలి, లేకుంటే బూడిదతో పూడిపోతాయి. గొట్టం అడుగున T ఆకారపు ముక్క, దానికి విప్పదీయగల మూత ఉంటే తప్పించుకొని వచ్చిన నీరు స్టవ్‌లోకి పోక అక్కడే ఆగుతుంది.

విశాఖపట్నంలో ప్రత్యేక పరిస్థితులు

విశాఖలో సంవత్సరానికి సుమారు 1000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. జూన్ నుండి సెప్టెంబరు వరకు నైఋతి, అక్టోబరు-నవంబరులలో ఈశాన్య ఋతుపవనాలు. అక్టోబరు తుఫానుల నెల కూడా. గాలివాన ఏటవాలుగా పడుతుంది. 2 మిల్లీమీటర్ల చినుకు సెకనుకు సుమారు 6.5 మీటర్ల వేగంతో దిగుతుంది. గాలి గంటకు 36 కిలోమీటర్లు వీస్తే ఆ చినుకు నిలువు నుండి 55 డిగ్రీలకు పైగా వాలుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ వద్ద తీరం దాటినప్పుడు గాలివేగం గంటకు 180 కిలోమీటర్ల దరిదాపులకు చేరింది. ఆ వేగంలో చినుకు దాదాపు అడ్డంగా ప్రయాణిస్తుంది, పైనుండే టోపీ దానికి అడ్డే కాదు. అటువంటి వానకు టోపీ చుట్టూ గాలిని అడ్డగించే వలయపు రేకు ఉన్న రకం కొంత నయం. అంతకంటె ముఖ్యం గొట్టాన్ని మూడు వైపుల ఊతతీగలతో కట్టడం. గొట్టం ఊగితే ఫ్లాషింగ్ చిరుగుతుంది, తుఫాను వెళ్ళిపోయిన తరువాత కూడా ఇల్లు కారుతూనే ఉంటుంది.

ఉప్పుగాలికి జింకు పూత రేకు త్వరగా తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్‌లో సాధారణంగా దొరికే 304 రకం మీద కూడా సముద్రతీరంలో చిన్న గుంటలు పడతాయి. మాలిబ్డినం కలిసిన 316 రకం ఎక్కువ కాలం మన్నుతుంది. ఉక్కునగరమని పేరే గాని విశాఖ ఉక్కు కర్మాగారం చేసేది కడ్డీలు, తీగచుట్టలు వంటివి. స్టెయిన్‌లెస్ రేకు బయటి నుండి రావలసిందే. వెనిగర్ వాసన వేసే సిలికోన్ జింకు పూతను తింటుంది కనుక ఆ పూత ఉన్న రేకుకు వేరే రకం వాడాలి.

అపార్టుమెంట్లలో జనరేటరు గొట్టాలకు ఉండే మూత నగరంలో అందరూ చూసేదే. పొగ తోసినప్పుడు తెరుచుకొని, ఆగగానే తన బరువుతో మూసుకుంటుంది. దానిని చూసి పొయ్యి గొట్టానికి కూడా పెట్టించుకొనేవారు ఉన్నారు. పొయ్యి పొగకు అంత తోపు ఉండదు, మసి పట్టి మూత బిగుసుకుపోతుంది. ఇది పెట్టరాదు.

మూసివేతలో ప్రమాదం

వానాకాలంలో పొగగొట్టపు నోటికి గోనెసంచి, ప్లాస్టిక్ సంచి కట్టడం, డబ్బా బోర్లించడం వాడుకలో ఉంది. పొయ్యి వాడని రోజులలో దీనివల్ల హాని లేదు. కాని కట్టినవారు ఒకరు, వెలిగించేవారు మరొకరు అయినప్పుడు ప్రాణం మీదికి వస్తుంది. దారి మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ వాయువు గదిలోకే వస్తుంది. దానికి రంగు, వాసన లేవు. తలనొప్పి, వికారం, మగతతో మొదలై స్పృహ తప్పిస్తుంది. తలుపులు బిగించుకొని పడుకున్న వారు మేలుకోకుండానే చనిపోవచ్చు. వానకోసం ఏ ఏర్పాటు చేసినా పొగ దారి ఇరుకు కాకూడదన్నది మొదటి నియమం. తాత్కాలికంగా మూసినచో స్టవ్ తలుపునకే కనబడేటట్లు గుర్తు కట్టాలి, స్టవ్‌కు విద్యుత్ ఆపివేయాలి.

తనిఖీ

తొలకరికి ముందు ఒకసారి, అక్టోబరుకు ముందు ఒకసారి చూడటం మంచిది. కారే చోటు తెలియనప్పుడు స్టవ్ ఆర్పి, గొట్టం చల్లారిన తరువాత నీటిని క్రిందినుండి పైకి వరుసగా పోసి చూస్తారు. ముందు ఫ్లాషింగ్ దిగువ అంచు, తరువాత దాని ఎగువ అంచు, ఆపైన మెడపట్టీ, చివర టోపీ. ఒక్కొక్క చోట పోసిన తరువాత పది నిముషాలు ఆగాలి, క్రింద ఒకరు చూస్తుండాలి. పైనుండి మొదలుపెడితే అన్ని చోట్లా ఒకేసారి తడిసి, నీరు ఎక్కడినుండి వస్తున్నదీ తెలియదు. పాత ఆస్‌బెస్టాస్ గొట్టాలను కోయడం, రాయడం చేయరాదు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు హానికరం కావున వాటిని విరగకుండా విప్పి తీయాలి. తడిసిన డాబా మీద, నాచు పట్టిన పెంకుల మీద ఈ పని చేయరాదు. వాన వెలిసి కప్పు ఆరిన తరువాతనే ఎక్కాలి.