ఇల్లు మారిన పేరు

పుట్టింట్లో 'చిట్టి' అని పిలిపించుకున్న పిల్ల అత్తవారింట గడప దాటగానే 'మహాలక్ష్మి' అయిపోవటం మనకి కొత్తేమీ కాదు. అత్తగారి పేరూ అదే అయితే మరి కోడలి పేరేగా మారాలి! ఒక కంప్యూటర్నించి ఇంకో రకం కంప్యూటర్లోకి వెళ్ళే ఫైలుకీ ఇదే అవస్థ.

ఈ ఆచారాలకీ ఓ చరిత్ర ఉంది. 1974లో అమెరికాలో గారీ కిల్డాల్ అనే ఆయన సీపీ/ఎమ్ (పార్టీ కాదండోయ్!) అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేశాడు. కంప్యూటర్లో చోటు బంగారంకన్నా ప్రియమైన రోజులవి. అందుకే ఫైలు పేరుకి 8 అక్షరాలు, చుక్క తరవాత 3, అంతే. 1981లో వచ్చిన ఎమ్మెస్ డాస్ ఆ నియమాన్నే పుచ్చుకుంది. 1995లో విండోస్ 95 వచ్చాక గానీ ఆ ఇంట్లో పొడుగు పేర్లకి మోక్షం రాలేదు.

కరువు తీరినా ఆచారం పోతుందా? ప్రశ్నార్థకం, నక్షత్రం గుర్తులు ఫైళ్ళని వెతకటానికి ఆనాడే కేటాయించేశారు. అంచేత 'ఎవరికోసం?' అనే కథ లినక్స్‌లో హాయిగా ఉంటుంది, విండోస్ గుమ్మంలో ఆగిపోతుంది.

అన్నిటికన్నా ప్రమాదం పెద్దబడి, చిన్నబడి తేడా. 1969లో బెల్ లాబ్స్‌లో పుట్టిన యూనిక్స్‌కి అవి వేరువేరు. దాని బాటలో నడిచే లినక్స్‌కీ అంతే. విండోస్‌కి మామూలుగా రెండూ ఒకటే. మా పెద్దొదిన వాళ్ళమ్మ పాడిన మంగళహారతులు లినక్స్‌లో రెండు ఫైళ్ళుగా రాసిపెట్టుకుంది. రెండిటికీ ఇంగ్లీషులో 'అమ్మ' అనే పేరే. ఒకటి పెద్ద 'ఏ'తో, ఒకటి చిన్న 'ఏ'తో. విండోస్‌లోకి మార్చేటప్పుడు, "ఈ పేరుతో ఒకటుంది, దాని బదులు ఇది పెట్టనా?" అని అడిగింది కంప్యూటరు. వాళ్ళబ్బాయి ఊఁ అన్నాడు. పాతదాన్ని తుడిచి అమ్మేశాక చూస్తే సగం హారతులు లేవు. మళ్ళీ పాడించుకుందామంటే ఆవిడా లేదు.

పోనీ, బడుల గొడవే లేని తెలుగులో పెడితేనో? ఇప్పుడు పెట్టొచ్చు. కాకపోతే లినక్స్‌లో పేరుకి సాధారణంగా 255 బైట్లే చోటు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. మన 'స్త్రీ'కి ఒక్కదానికే 18 కావాలి! ఆడదాని బరువు కంప్యూటరుకైనా తెలిసింది, సంతోషం.

అందుకని పొరుగింటికి వెళ్ళే ఫైలుకి నేను చిన్నబడి ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, మధ్య ఓ అడ్డగీత తప్ప ఏ నగా పెట్టను. అసలు పేరు మాత్రం ఫైలు లోపల మొదటి వరుసలో, తెలుగులో, ప్రశ్నార్థకంతో సహా రాసుకుంటాను. లోపలి పేరు జోలికి ఏ ఇంటివాళ్ళూ రారు.