ప్రాచీన ప్రపంచపు వాసనలు

1888లో, లండనులో నివసించుచుండిన ఆల్మా-టడేమా అను చిత్రకారుడు ఒక పెద్ద చిత్రమును పూర్తిచేసెను. క్రీ. శ. 218 నుండి 222 వరకు రోమును పాలించిన హెలియోగబాలస్ చక్రవర్తి విందునకు వచ్చినవారిపై పైకప్పునుండి గులాబీలు కురిపించి, వారిని ఊపిరాడకుండ ముంచివేయుట అందలి దృశ్యము. శీతకాలములో లండనున గులాబీలు దొరకవు. కాబట్టి చిత్రకారుడు వారము వారము ఫ్రాన్సు దక్షిణ తీరమునుండి వానిని తెప్పించుకొని, ఎదుట పెట్టుకొని చిత్రించెను. ఆ బొమ్మను చూచినవారికి పూలవాసన ముక్కుకు తగిలినట్లే యుండును.

అయితే ఈ కథకు మూలమైన లాటిను గ్రంథములో చెప్పినవి గులాబీలు కావు. వయొలెట్లు, మరికొన్ని పువ్వులు. ఆ గ్రంథము కూడ అంతగా నమ్మదగినది కాదని చరిత్రకారుల అభిప్రాయము. గులాబీలు చిత్రకారుని కాలపు అభిరుచి.

ఆ రోములోనే చాకళ్లు నిలువయుంచిన మూత్రముతో బట్టల జిడ్డు వదలించుచుండిరి. మూత్రములోని యూరియా నిలువయున్నకొలది అమ్మోనియాగా మారును. అమ్మోనియా జిడ్డును విడగొట్టును. వెస్పేసియన్ చక్రవర్తి ఆ మూత్రముపై పన్ను కూడ విధించెను. చేపల పేగులను ఉప్పులో ఊరవేసి తీసిన రసము రోమనుల వంటకములలో విరివిగా వాడబడుచుండెను. చలువరాతి మేడల చిత్రములలో ఈ వాసనలకు చోటు దొరకలేదు.

ఈ విషయమున నవలాకారుడు కొంత నయము. ఫ్రెంచి రచయిత ఫ్లాబేరు 1858లో ట్యునీషియాకు పోయి కార్తేజి నగరపు శిథిలములను చూచి వచ్చి, 1862లో 'సలాంబో' నవలను ప్రకటించెను. అందులో పరిమళ ద్రవ్యములు తయారుచేయు శాలయు కలదు, కుష్ఠరోగియైన సేనాని పుండ్ల దుర్గంధమును కలదు.

వీరిరువురికి ఆధారములు గ్రంథములు. ఇటీవల మరియొక ఆధారము దొరకినది: పాత్రల అడుగున అంటుకొనియున్న మడ్డి. ఈజిప్టు రాజు రెండవ అమెన్‌హోటెప్‌కు పాలిచ్చి పెంచిన దాది సెనెట్‌నే. క్రీ. పూ. 1450 ప్రాంతమున ఆమె మరణింపగా, శవమునుండి తీసిన అవయవములను లేపనము పూసి జాడీలలో భద్రపరచిరి. 1900లో హొవర్డ్ కార్టర్ వానిని కనుగొనెను. ఊపిరితిత్తులు, కాలేయము ఉంచిన జాడీల మడ్డిని పరీక్షించి, రసాయన శాస్త్రజ్ఞులు 2023లో ఫలితములు ప్రకటించిరి. తేనెమైనము, నూనె, కొవ్వు, శిలాజతువు వంటి తారు, దేవదారు జాతి చెట్ల బంక అందులో కలవు. కూమరిన్ అను పదార్థము కూడ కనబడినది. కోసిన గడ్డి ఎండునపుడు వచ్చు తీయని వాసన దానిదే. మరియొక బంక డామరు కావచ్చును. అదే నిజమైనచో, మన గుగ్గిలపు చెట్టు కుటుంబమునకు చెందిన చెట్ల బంక తూర్పు అడవులనుండి నైలునది వరకు ప్రయాణము చేసినదన్నమాట.

కాని వాసన యనగా ఎగిరిపోవు అణువులే. తేలికయైనవి మొదట ఎగిరి మొదట ముక్కును చేరును. మూడున్నర వేల ఏండ్ల తరువాత మిగిలినవి బరువైనవి మాత్రమే. పైగా పరీక్షవలన పదార్థముల పేర్లు తెలిసినవి గాని అసలు పాళ్లు తెలియలేదు. ఆ లోటును ఫ్రాన్సు దేశపు పరిమళ నిపుణురాలు తన నేర్పుతో పూరించి లేపనపు వాసనను మరల కూర్చెను. డెన్మార్కులోని మోస్‌గార్డ్ ప్రదర్శనశాలలో సందర్శకులు దానిని ఆఘ్రాణించిరి. అది తీయగా, బంకవాసనతో నుండును. జాడీలలోని ఊపిరితిత్తుల వాసన, కాలేయపు వాసన మాత్రము అందులో చేర్చబడలేదు.