అధికార ముద్ర లేని దినములు

బిలాసపురమునందలి తార్‌బహార్ రైలుమార్గముతోపాటు పెరిగిన పేట. బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువులకై వంగీయులును ఆంధ్రులును ఈ నగరమునకు వచ్చి స్థిరపడిరి. ఆ రైల్వే పేరు ధరించిన పురుషుల ఫుట్‌బాల్ జట్టు కలకత్తా మైదానములలో మంచి కీర్తి గడించినది. పురుషుల ఆటకు 1937 నుండి అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అండగా నుండెను. స్త్రీల ఆటకు అట్టి అండ చిరకాలము లేకపోయినది.

ఇది మన దేశపు లోపమే యనరాదు. ఫుట్‌బాలునకు పుట్టినిల్లయిన ఇంగ్లండులోనే 1921లో సంఘ మైదానములను స్త్రీలకు మూసివేసిరి. ఆ నిషేధము తొలగుటకు అర్ధశతాబ్దము పట్టినది. ఆసియాలో 1968లో మహిళల కొరకు వేరుగా ఒక సమాఖ్య వెలసినది. దాని అడుగుజాడలలోనే 1975లో భారత మహిళా ఫుట్‌బాల్ సమాఖ్య ఏర్పడెను. ఈస్ట్ బెంగాల్ జట్టునకు తొలి శిక్షకుడైన సుశీల్ భట్టాచార్య మన మహిళలకును తొలి శిక్షకుడాయెను.

1980 జనవరిలో ఆసియా పోటీలు మన కోళిక్కోడులోనే జరిగినవి. భారతము ఉత్తర, దక్షిణములని రెండు జట్లను నిలిపినది. దక్షిణ జట్టు తుది పోటీకి చేరి, చైనీస్ తైపీ చేతిలో 2–0తో ఓడిపోయెను. మరుసటి ఏడు హాంకాంగులో మూడవ స్థానము; 1983లో బ్యాంకాకులో మరల ద్వితీయ స్థానము, థాయిలాండు చేతిలో 3–0తో ఓటమి. (రెండవ స్థానమనగనే మనవారు పెదవి విరుతురు. అట్టివారు మన పురుషుల జట్టు ఆ దశాబ్దమున సాధించిన దేమో వెదకి చూడవలెను.) ఆ యేడే వంగ క్రీడాకారిణి శాంతి మల్లిక్‌కు అర్జున పురస్కారము లభించినది. ఫుట్‌బాలునందు ఆ గౌరవము పొందిన తొలి స్త్రీ ఆమెయే. రెండవ స్త్రీ, మణిపురమునకు చెందిన బెంబెం దేవి, 2017 వరకు వేచియుండవలసివచ్చెను!

ఇచ్చటనే విచిత్రము కలదు. అధికార ముద్ర లేని కాలమున ఆసియాలో రెండు పర్యాయములు ద్వితీయులుగా నిలిచిన జట్టు, 1983 తరువాత 1995 వరకు ఆ పోటీలలోనే కానరాదు. 1986లో ఆసియా మహిళా సమాఖ్య పురుషుల సమాఖ్యలో లీనమయ్యెను; మన సమాఖ్యయు 1990 దశాబ్ది ఆరంభమున అఖిల భారత సమాఖ్యలో కలిసిపోయెను. ఇల్లు మారు ఆ నడిమి కాలమున జట్టును పట్టించుకొనినవారు లేరని నా అభిప్రాయము. చైనాలో తొలి మహిళా ప్రపంచ కప్పు జరిగినది సరిగా ఆ నడుమనే, 1991లో. దానికి తలుపు తెరచిన ఆసియా పోటీలలో మన పేరే లేదు.

పిదప ఎన్నో ఏండ్లకు, 2025 జులైలో, థాయిలాండునందలి చియాంగ్ మాయిలో భారత జట్టు ఆ థాయిలాండునే 2–1తో గెలిచి, అర్హత పోటీల మూలమున ఆసియా కప్పునకు మొట్టమొదటిసారి చేరినది. రెండు గోలులును వంగ బాలిక సంగీతా బాస్ఫోర్‌వి. నిజామాబాదు జిల్లా తండాలో పెరిగిన గుగులోతు సౌమ్యయు ఆ జట్టులో నుండెను.