శిస్తు నుండి ఇంటి పన్ను వఱకు: ఉప్పల్, నాచారము గ్రామముల కథ

గ్రంథాలయ రజతోత్సవ సంచికలో పన్నుల ప్రసంగ మేల యని పాఠకులు శంకింపవచ్చును. పన్ను లెక్కలకును పుస్తకములకును పొత్తు కుదరదని లోకాభిప్రాయము. కాని మన ఇంటి పన్ను లెక్కను విడదీసి చూచినచో అందు 'గ్రంథాలయ పన్ను' అను నొక చిన్న పద్దు కానవచ్చును. ఇంటి పన్ను రూపాయికి దానిపై ఎనిమిది పైసలు. ఉప్పలులోనైనను, నాచారములోనైనను, ఇల్లు కట్టుకొని పన్ను చెల్లించిన ప్రతి గృహస్థుడును, తా నెఱిగియో యెఱుగకయో, గ్రంథాలయమునకు దాత యగుచునే యున్నాడు. ఆ ఎనిమిది పైసల వెనుక ఈ గ్రామముల వారు కొన్ని తరములుగా మోసిన భారము కలదు. దానిని స్మరించుటయే ఈ వ్యాసము నుద్దేశము.

మన గ్రామనామములే ఈ చరిత్రకు మొదటి పత్రములు. రెవెన్యూ దస్తరములలో ఉప్పలు ఒక్క పేరుతో లేదు. ఉప్పల్ కలాన్, ఉప్పల్ ఖాల్సా, ఉప్పల్ భగాయత్ అని వేర్వేఱు పేరులు కానవచ్చును. కలాన్ అనగా పెద్దది. ఖాల్సా అనగా జాగీర్దారు ప్రమేయము లేక శిస్తు నేరుగా సర్కారు ఖజానాకు చేరు భూమి. భగాయత్ అనగా తోట భూమి. శిస్తు ఎవరికి చెల్లవలయునో, భూమి ఏ తరగతిదో పేరులోనే ఇమిడియున్నది. మూసీనది యొడ్డున నున్న నేలకు భగాయ తను పేరు కలుగుటలో వింత లేదు. ఉప్పలునకు నల్లచెఱువును, నాచారమునకు పెద్దచెఱువును నీటి యాధారములుగా నుండెను.

పూర్వము నిజాము రాజ్యమున శిస్తు వసూలును గుత్తకు ఇచ్చుచుండిరి. గుత్తదారు తానొప్పుకొన్న మొత్తమును ఖజానాకు కట్టి, రైతునుండి చేతనైనంత రాబట్టుకొనెడివాడు. 1853లో దివాను పదవి స్వీకరించి 1883 వఱకు రాజ్యభారము వహించిన మొదటి సాలార్‌జంగు ఈ పద్ధతిని తొలగింప బూనెను. 1865లో జిల్లాల యేర్పాటు జరిగెను. 1875లో సర్వే, సెటిల్‌మెంటు శాఖ వెలసెను. బొంబాయి రాజధానిలోని పద్ధతి ననుసరించి పొలములను గొలుసుతో కొలిచి, నంబర్లు వేసి, నేల సారమును అణాల లెక్కలో తరగతులు కట్టి, పట్టాదారుని పేర శిస్తు నిర్ణయించిరి. ఫసలీ 1317వ సంవత్సరపు, అనగా 1907 నాటి, భూమిశిస్తు చట్టము ఈ యేర్పాటునకు బలము చేకూర్చెను. మెట్ట ఖుష్కి, మాగాణి తరి, తోట భగాయత్. చెఱువు క్రింది వానకాలపు వరి ఆబీ. వేసవి వరి తాబీ. ఉర్దూ అక్షరము నేర్వని రైతునకును ఈ పదములు కంఠస్థములు.

ఈ శిస్తు పద్ధతిలో గమనింపదగిన విషయములు మూడు. మొదటిది, శిస్తునకు ఆధారము భూమి యమ్మకపు ధర కాదు. అందు పండు పంట. అదే విస్తీర్ణముగల మెట్టకు ఒక శిస్తు, మాగాణికి ఒక శిస్తు. రెండవది, శిస్తు కాలము పంట కాలము ననుసరించి యుండెను. 'ఫసలీ' యను మాటకే పంటకు సంబంధించినదని యర్థము. ధాన్యము ఇంటికి చేరి, అమ్మకమై, చేత నాలుగు రూపాయలు ఆడునప్పుడు కిస్తీ కట్టవలసి యుండెను. మూడవది, చెఱువు నిండక పంట పోయినచో జమాబందీలో మాఫీ కోరుటకు మార్గ ముండెను. కోరినవారి కందఱకును లభించెనని చెప్పజాలము. కాని కోరుట కొక ద్వారము కలదు.

ఇంతమాత్రముచే ఆ కాలము స్వర్ణయుగమని తలచుట పొరపాటు. నగరము చుట్టునున్న పల్లెలతో కూడిన అత్రాఫ్ బల్దా జిల్లా నిజాము స్వంత ఖర్చులకై యేర్పడిన సర్ఫెఖాస్‌లోనిది. రాజ్యములో సుమారు పదవ వంతు భూమి అట్టిదే. జాగీరులలో ప్రజల గోడు వేఱు. అధికారి గ్రామమునకు వచ్చినచో బండ్లు, కట్టెలు, పాలు, మనిషి కష్టము వెట్టిగా సమర్పింపవలసి వచ్చెను. చేతివృత్తుల వారిపై మొహతర్ఫా యను పన్ను వేఱుగా నుండెను. వీనికంటెను గొప్ప కష్ట మొకటి కలదు. రైతు తన లెక్కను తాను చదువజాలడు. పై కచేరీల భాష మొదట ఫారసీ, తరువాత ఉర్దూ. పట్వారీ చెప్పినదే శిస్తు, వ్రాసినదే పహాణీ. రసీదులో నేమున్నదో యెఱుగక దానిని మడిచి దూలముసందున దాచిన తాతలు మన ఇండ్లలో నెందఱో!

పన్ను విధించువాడు దాని పరిమాణమును ప్రజలు చదువగలుగునట్లు ప్రకటింపవలెనను ధర్మము మనకు క్రొత్త కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనము ఇందుకు తార్కాణము. తుపానుకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొని వచ్చిన ఓడల సరకును పూర్వరాజులు హరించుచుండగా, తాను న్యాయమైన సుంకము తప్ప మఱేమియు గైకొననని అతడు శిలపై చెక్కించెను. వర్తకునకు ధైర్యము కలిగించినది సుంకము స్వల్పమగుట యొక్కటియే కాదు. అది నిశ్చితమై, అక్షరబద్ధమై యుండుట.

ఏడువందల యేండ్ల పిదప ఆ యక్షరబలమును తెలంగాణమున పల్లెలకు చేర్చ బూనినది గ్రంథాలయోద్యమము. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును వెలసెను. 1921లో ఆంధ్ర జనసంఘ మేర్పడెను. మాడపాటి హనుమంతరావు పంతులుగారు మొదలగువారు గ్రంథాలయ స్థాపనమును, వెట్టి నిర్మూలనమును జంటపనులుగా నెంచి కృషి సలిపిరి. 1926లో సురవరము ప్రతాపరెడ్డిగారి గోలకొండ పత్రిక వెలువడెను. 1930లో వారి యధ్యక్షతనే జోగిపేటలో మొదటి నిజాము రాష్ట్రాంధ్ర మహాసభ జరిగెను. చదువు వచ్చిన పల్లెలో దొంగలెక్క నిలువదని ఆ పెద్దలకు బాగుగా తెలియును.

1948లో హైదరాబాదు భారతదేశమున విలీనమైన పిదప మార్పులు వెంటవెంటనే జరిగెను. 1949లో సర్ఫెఖాస్ భూములు సర్కారు భూములలో కలిసిపోయెను. ఆ యేడే ఆగస్టులో జాగీరుల రద్దు శాసనము వచ్చెను. 1950లో కౌలుదారీ చట్టమును, 1954-55లో ఖస్రా పహాణీయు వచ్చెను. నేటికిని భూవివాదములలో మొదట అడుగునది ఆ ఖస్రా పహాణీయే. 1984లో పటేలు, పట్వారీ పదవులు రద్దయ్యెను. గ్రంథాలయముల విషయమున మదరాసు రాష్ట్రము 1948లోను, హైదరాబాదు రాష్ట్రము 1955లోను చట్టములు చేయగా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1960లో ఆ రెండింటికి బదులుగా ఒకే చట్టము గావించెను. ఇంటి పన్నుపై గ్రంథాలయ పన్ను మనకు ఈ మార్గముననే సంక్రమించినది.

అంతలో నగరము తూర్పునకు నడచి వచ్చెను. 1961లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, 1967లో సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ కేంద్రము ఉప్పలు దారిలో నెలకొనెను. ఒకప్పుడు గొలుసు పట్టి తన పొలమును కొలిచినవారిని భయముతో చూచిన ఊరిలోనే, దేశమును కొలుచు విద్య నేర్పు కేంద్రము వెలయుట ముచ్చట గొలుపు సంగతి. నాచారమున పారిశ్రామికవాడ లేచెను. కర్మాగారములలో కూలి దొరికెను, పిల్లలు చదువుకొనిరి, పొలములు ప్లాట్లుగా మాఱెను. వ్యవసాయేతర భూములపై పన్నునకై 1963లో వేఱొక చట్టము వచ్చెను. అందు భూమి సారము ప్రసక్తి లేదు; ఆ ప్రాంతపు జనసంఖ్యయు, భూమి వాడుకయు లెక్కకు వచ్చెను. ఎకరములు గజములుగా మాఱినట్లే, శిస్తు ఇంటి పన్నుగా మాఱెను.

2007 ఏప్రిల్ 16న ఉప్పల్ కలాన్, కాప్రా మున్సిపాలిటీలు మఱి పదింటితో పాటు గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థలో లీనమయ్యెను. ఆ సంస్థ ఇంటి పన్నును అద్దె విలువపై లెక్కించెను. నివాసగృహమునకు నెల అద్దె విలువ 50 రూపాయల లోపైనచో పన్ను లేదు. 100 వఱకు నూటికి 17, 200 వఱకు 19, 300 వఱకు 22, ఆపైన 30. మదింపులో వాడు రేటు బజారు అద్దెకంటె చాల తక్కువగనే యుండెను గాని, 300 రూపాయలన్నది నేడు ఒక్క గదికిని రాని అద్దె యని మఱువరాదు. పేదవానికై కట్టిన మెట్లు పల్లమున నిలిచిపోగా, కాలము ఎత్తునకు పోయినది.

2017 నవంబరులో నాగోలు నుండి ఉప్పలు, హబ్సిగూడల మీదుగా మెట్రో రైలు నడచెను. ఉప్పల్ భగాయత్‌లో భూమి నిచ్చిన రైతులకు ఎకరమునకు 1000 గజముల చొప్పున అభివృద్ధి చేసిన స్థలము లిచ్చు నేర్పాటు జరిగెను. మిగిలినవానిని వేలము వేయగా, 2021 డిసెంబరులో ఒక స్థలమునకు గజము ధర లక్ష రూపాయలను దాటినది. తోట భూమి యను పేరు మాత్రము నిలిచెను; తోట లేదు.

ఇచ్చట మనము నిలిచి ఆలోచింపవలెను. ధర పెరుగుట ఎవరికి లాభము? అమ్మినవానికి లాభము, అద్దెకిచ్చినవానికి లాభము. తాత కట్టిన ఇంటిలో తానే కాపురముండి, అమ్మక, అద్దెకీయక, ఫించనుతోనో కొడుకు పంపు సొమ్ముతోనో బ్రదుకు వృద్ధునకు ఆ ధర కాగితముపై నంకె మాత్రమే. ఆస్తి విలువను బట్టి పన్ను పెంచిన దినమున ఆ యంకెకు నిజమైన రూపాయలు చెల్లింపవలసిన వాడతడు. పూర్వపు శిస్తు పంటతో వచ్చెను. ఇంటి పన్ను క్యాలెండరుతో వచ్చును. ఆలస్యమైనచో నగరపాలక సంస్థ నెలకు నూటికి రెండు చొప్పున అపరాధ వడ్డీ విధించెను. పంట పోయినచో మాఫీ కోరవచ్చును. కొడుకు ఉద్యోగము పోయినచో కోరుటకు జమాబందీ లేదు.

ఈ చిక్కు మన కొక్కరికే కలిగినది కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ఇండ్ల ధరలు పెరిగి, వాని వెంట పన్నులును పెరుగగా, స్వంత ఇండ్లలో నిలువజాలని వృద్ధుల మొఱ పెద్ద ఉద్యమమయ్యెను. 1978లో ప్రజలు ఓటు వేసి, పన్ను విలువలో నూటికి ఒకటి మించరాదనియు, ఇల్లు చేతులు మాఱనంత కాలము మదింపు ఏటికి నూటికి రెండుకంటె హెచ్చరాదనియు కట్టడి చేసికొనిరి. దానివలన పాతవారికి రక్షణ కలిగినను, క్రొత్తగా ఇల్లు కొన్నవారిపై భారము హెచ్చెను. పాఠశాలలకు, స్థానిక సంస్థలకు రాబడి తగ్గెను. కావున పన్ను తగ్గించుట యొక్కటియే పరిష్కారము కాదు. మన నగరమునను 2015లో ఏటికి 1200 రూపాయల లోపు పన్ను గల ఇండ్లకు 101 రూపాయలు మాత్రమే నిర్ణయించిరి. 2020లో 15,000 రూపాయల లోపు పన్నులో సగము తగ్గించిరి. పాత బకాయిల వడ్డీలో 90 శాతము మాఫీ చేసిరి. ఇవి మెచ్చదగినవే. కాని దయతో నిచ్చిన రాయితీ వేఱు. చట్టములో వ్రాసియున్న హక్కు వేఱు. మోటుపల్లి శిల చెప్పిన నీతి యిదియే. తన ఇంటిలో తానుండు బీదగృహస్థునకు ఏ మేరకు, ఏ స్థితిలో తగ్గింపు లభించునో చట్టమునందే స్పష్టముగా నుండవలెను.

పన్ను మానవలెనని ఈ వ్యాసము చెప్పుట లేదు. వీధి దీపము వెలుగవలెనన్నను, మురుగు కాలువ పాఱవలెనన్నను, ఈ గ్రంథాలయమున దినపత్రిక పఱవవలెనన్నను పన్ను కావలెను. ఏటికి 3000 రూపాయల పన్ను కట్టు ఇల్లు గ్రంథాలయమునకై 240 రూపాయలు సమర్పించుచున్నది. ఆ సొమ్ము తిరిగి గ్రంథాలయములకు చేరుచున్నదా లేదా యని అడుగుట పౌరుని హక్కు. అడుగు విధము నేర్పుట గ్రంథాలయముల విధి.

పన్ను నోటీసును చేత పట్టుకొని, "ఇందులో నేమున్నది నాయనా?" యని మన గ్రంథాలయమునకు వచ్చు వృద్ధులు నేటికిని కలరు. వారి తాతలు పట్వారీ గుమ్మమున నిలిచి యడిగిన ప్రశ్నయు నదియే. భేద మొక్కటి: నాడు చెప్పినవాడు వసూలు చేయువాడు, నేడు చెప్పువాడు ప్రక్క బల్లపై చదువుకొనుచున్న ఊరి యువకుడు. ఈ యిరువదియైదేండ్లలో మన గ్రంథాలయము సాధించిన విజయములలో దీనిని నేను మొదట లెక్కింతును.

కావున గ్రామస్థులకు నా మనవి. మీ ఇండ్లలో పెట్టెల యడుగున పాత శిస్తు రసీదులు, పహాణీ నకళ్లు, పంచాయతీ నాటి ఇంటి పన్ను చీటీలు ఉన్నచో వానిని చెదలకు విడువకుడు. ప్రతులు తీయించి గ్రంథాలయమున భద్రపఱుపుడు. పన్నుల చట్టములను తెలుగున ఒక బీరువాలో నుంచి, అడిగినవారికి చదివి చెప్పు నేర్పాటును కార్యవర్గము చేయవలెను. స్వర్ణోత్సవ సంచికకు వ్యాసము వ్రాయువారికి ఆ కాగితములు ఉపకరించును. అంతకు ముందే, తన ఇంటిలో తాను నిలువ దలచిన వానికి ఉపకరించును. మన మిచ్చిన ఎనిమిది పైసలు అప్పుడు సార్థకమగును.